కాపురానికో బ్యాటరీ

1974 ఎండాకాలం. అప్పటికి బెజవాడ ఆటోనగర్‌లో నేను సొంతంగా షెడ్డు పెట్టుకుని కొన్నేళ్ళయింది. ఇంజన్లు విప్పేవాళ్ళు ఒక వరస, బాడీలు కట్టేవాళ్ళు ఒక వరస, బళ్ళ కరెంటు పని చేసే మేం ఇంకో వరస. బ్యాటరీ, డైనమో, సెల్ఫ్, లైట్లు, హారను, ఇదే మా లోకం. ఇంజను తిరుగుతుంటే దానితో పాటు తిరిగి కరెంటు పుట్టించేది డైనమో. ఆ కరెంటు నిలవ ఉండేది బ్యాటరీలో. పొద్దున్నే ఆ నిలవలోంచి ఒక్కసారిగా బోలెడు కరెంటు లాక్కుని ఇంజనుని తిప్పి లేపే మోటారు సెల్ఫ్. ఈ మూడింటి సంగతి తెలిస్తే బండి కరెంటు సంగతి చాలావరకు తెలిసినట్టే.

మా దగ్గరికొచ్చే బళ్ళ జబ్బులు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. బ్యాటరీ దిగిపోయిందనో, డైనమో ఛార్జి చెయ్యడం లేదనో, సెల్ఫ్ లాగడం లేదనో వస్తారు. ఏళ్ళ తరబడి అవే చూశాను కాబట్టి ఏ బండి ఏదో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఒక బూడిదరంగు వ్యాను మాత్రం బాగా గుర్తుంది. అది నా దగ్గరికి వచ్చినప్పుడు దానికి ఏ జబ్బూ లేదు.

ఆ వ్యాను వెంకటరాయుడుగారనే కాంట్రాక్టరుది. ఆయన డెల్టాలో మురుగు కాలువల పూడిక తీయించే పనులు పట్టేవారు. వేసవిలో బ్యారేజీ దగ్గర నీళ్ళు కట్టేసి కాలువలు ఎండినప్పుడే ఆ పని జరగాలి. మళ్ళీ నీళ్ళు వదిలేలోపు అయిపోవాలి. ఆయన దగ్గర ఒక డ్రాగ్‌లైన్ ఉండేది. పొడవాటి ఇనుప చెయ్యి, దాని చివర తాళ్ళకు వేలాడే పెద్ద తొట్టి. ఆ తొట్టిని కాలువలోకి విసిరి, బురదంతా గీరుకుంటూ లాగి, గట్టు మీద పోసే యంత్రమది. దాని వెంట ఎప్పుడూ ఒక వ్యాను ఉండాలి. డీజిలు పీపాలు, గ్రీజు, ఇనుప తాళ్ళు, పనిముట్లు అన్నీ అందులోనే. ఆ వ్యాను నడిపేదీ, డ్రాగ్‌లైను ఆగితే బాగుచేసేదీ రామకోటి.

రామకోటి నాకు ముందునుంచీ తెలుసు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. మాట తక్కువ. చేతులు మాత్రం మంచివి. ఏ ఇంజను మీద చెయ్యి వేసినా దాని బాధేమిటో తెలిసిపోయేది. ఆ రోజు వ్యాను మా షెడ్డు ముందు ఆపి దిగాడు. అవతలి తలుపు తీసుకుని ఒక అమ్మాయి దిగింది. నీలం రంగు నేతచీర, చెంగు నడుముకి దోపుకుని ఉంది.

"మేస్త్రీగారూ, మా ఇంటావిడ," అన్నాడు రామకోటి, ఎక్కడినుంచో దొరక్క దొరక్క దొరికిన స్పేరు పార్టును చూపిస్తున్నవాడిలా మొహమాటపడుతూ.

"నమస్కారం అన్నయ్యగారూ. నా పేరు విశాలాక్షి. ఒకసారి వ్యాను వెనకాల చూస్తారా?" అందా అమ్మాయి. మొహమాటమంతా భర్తకే వదిలేసినట్టుంది.

వెనక తలుపులు తీశారు. ఒక పక్క మామూలే, పీపాలు, తాళ్ళు, బల్లకి బిగించిన పట్టుకారు. రెండో పక్క శుభ్రంగా తుడిచి చాప పరిచి ఉంది. చాప మీద వరసగా అట్టపెట్టెలు. టేబుల్ ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీపెట్టె, ట్యూబులైటు. పెళ్ళిలో చదివించినప్పుడు చుట్టిన రంగుకాగితాలు కొన్నింటికి ఇంకా అట్లాగే ఉన్నాయి.

"ఇవన్నీ ఈ వ్యానులో పని చెయ్యాలండీ," అంది విశాలాక్షి.

నేను రామకోటి వంక చూశాను. అతను చక్రం వంక చూశాడు.

సంగతంతా ఆ అమ్మాయే చెప్పింది. పెళ్ళయి ఏడాది కావస్తోంది. రామకోటి ఏ గట్టు మీద ఉంటాడో, ఏ వారం ఇంటికొస్తాడో ఎవరికీ తెలియదు. ఈమె కంకిపాడులో అత్తగారింట్లో ఉంటోంది. "అత్తగారు మంచివారేనండీ. నన్ను బాగా చూసుకుంటారు. కానీ నేను పెళ్ళి చేసుకుంది ఈయన్ని గదా," అంది. గట్టు మీద పాక వేసుకుందామంటే కుదరదు. డ్రాగ్‌లైను రోజుకి కాస్త ముందుకి జరుగుతూ పోతుంది. ఇవాళ పాక వేసిన చోటికి వారం తిరిగేసరికి మిషను చాలా దూరం పోతుంది. మిషను వెంట వ్యాను పోతుంది. కాబట్టి వ్యానులోనే కాపురం. ఎండలు చూస్తే మండిపోతున్నాయి. ఆ రేకు డబ్బాలో ఫ్యాను లేకుండా మనిషి ఉండలేడు.

"ఇంట్లో ఉన్న సామాన్లే గదండీ. బండిలో కూడా కరెంటు ఉంది గదా. కలిపితే పోలా?"

ఈ మాట నాతో చాలామంది అన్నారు, ఆ తర్వాత కూడా. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, వ్యానులోది 12. ఆ సంగతి ఎట్లా చెప్పాలా అని ఆలోచించి, "మీది ఏ ఊరమ్మా?" అనడిగాను.

"కూచిపూడి అవతలండీ. కాలువ చివరి ఊరు. మా చేలకి నీళ్ళు వంతుల మీదే."

"అయితే నీకు తేలిగ్గా తెలుస్తుంది. వోల్టు అంటే కాలువలో నీటి మట్టం అనుకో. ఆంపియరు అంటే పారే నీరు. మట్టం ఎత్తుగా ఉంటే కాస్త నీరు పారినా పని జరుగుతుంది. వ్యానులో మట్టం బాగా కిందకి ఉంది. అదే పని చెయ్యాలంటే నీరు చాలా ఎక్కువ పారాలి. ఈ ఇస్త్రీపెట్టె ఉంది చూశావా, ఇది వ్యాను మీద నడవాలంటే నలభై ఆంపియర్లు కావాలి. డైనమో ఇచ్చేదేమో ఇరవై చిల్లర."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే తూములోంచి వచ్చేదాని కంటే చేను తాగేది ఎక్కువ."

"అంతే."

"అయితే ఇస్త్రీపెట్టె అత్తగారింట్లోనే ఉంటుంది లెండి. ఈయన చొక్కాలు మడతపెట్టి ట్రంకుపెట్టె కింద పెడతా," అని ఆ అట్టపెట్టెని పక్కకి తోసేసి, మిగతావాటి సంగతి చెప్పమన్నట్టు చూసింది.

కరెంటు పనివాడికి అన్నిటికంటే కష్టమైన పని, వద్దు అని చెప్పడం. ఆ అమ్మాయి ఆ పని నాకు తేలిక చేసింది. వేడి పుట్టించే వస్తువు ఏదైనా సరే బ్యాటరీని తాగేస్తుంది, దాని జోలికి వెళ్ళకూడదు. వెలుగు, గాలి, పాట, వీటికైతే బ్యాటరీ చాలు. ఆ లెక్కన పని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాను గానీ వ్యాను రామకోటిది కాదు. ఆ మాటే అతనితో అంటుండగా వెంకటరాయుడుగారి అంబాసిడరు వచ్చి ఆగింది. కారు హారను సరిచేయించుకోవడానికి వచ్చారాయన. భారీ మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. గొంతు వింటే పక్క షెడ్డువాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. వ్యాను వెనక తలుపులు తెరిచి ఉండడం, లోపల అట్టపెట్టెలు ఉండడం చూశారు.

"ఏందయ్యా మేస్త్రీ ఇది? నా వ్యానులో వంటిల్లు కడుతున్నావా?"

నేను నోరు తెరిచేలోపే విశాలాక్షి అందుకుంది. "వంటిల్లు ఒక్కటే కాదు బాబాయిగారూ, మొత్తం ఇల్లే."

ఆయన ఆ అమ్మాయిని ఎగాదిగా చూశారు. రామకోటిని చూశారు. సీజను మధ్యలో అతన్ని పోగొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు, ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అయినా పెద్దరికం ఉంది కదా.

"సరే. వినండి. అది పని చేసే వ్యాను. తెల్లారి డ్రాగ్‌లైనుకి డీజిలు దగ్గర్నుంచి అన్నీ అదే మొయ్యాలి. మీ ఫ్యాన్లు, లైట్లు నాకు తెలవదు. పొద్దున్నే నా వ్యాను ఒక్కసారి స్టార్టు కాలేదో, ఒక్కసారంటే ఒక్కసారి, ఈ వైర్లన్నీ పీకించేసి అమ్మాయిని కంకిపాడు బస్సెక్కిస్తా. ఇష్టమేనా?"

"ఇష్టమేనండీ," అంది విశాలాక్షి. రామకోటి ఏదో అనబోయాడు గానీ అప్పటికే ఒప్పందం అయిపోయింది.

ఆ మాటతో నా పని ఎక్కడ మొదలుపెట్టాలో నాకు స్పష్టమైపోయింది. వ్యాను బ్యాటరీని ముట్టుకోకూడదు. అది సెల్ఫ్ కోసమే ఉండాలి. ఇంటి కోసం రెండో బ్యాటరీ పెట్టాలి. వెనక చాప పక్కన చెక్కపెట్టె చేయించి అందులో ఇంకో బ్యాటరీ కూర్చోబెట్టాను. రెండు బ్యాటరీల మధ్య ఒక నైఫ్ స్విచ్చి వేశాను. కత్తిలాంటి రాగిరేకు, చెక్క పిడి, పైకి లేపితే రెండు బ్యాటరీలు విడిపోతాయి, కిందకి దించితే కలుస్తాయి. పగలు వ్యాను ఊళ్ళోకి డీజిలుకి తిరిగేటప్పుడు దించుకోవాలి, అప్పుడు డైనమో రెండింటికీ ఛార్జి పోస్తుంది. ఇంజను ఆపగానే లేపెయ్యాలి. ఆ తర్వాత ఇంట్లో ఎంత వాడుకున్నా వ్యాను బ్యాటరీలోంచి ఒక్క చుక్క పోదు.

"స్విచ్చి ఎవరు చూస్తారు?" అనడిగాను.

"నేనండీ," అంది విశాలాక్షి. "ఈయన మిషను కిందికి దూరితే ఈయన పేరు ఈయనకే గుర్తుండదు."

టేబుల్ ఫ్యాను వ్యాను మీద నడవదు, దాని మోటారు ఇంటి కరెంటుకే పుట్టింది. దాని బదులు బస్సు డ్రైవర్లు పెట్టుకునే చిన్న ఫ్యాను బిగించాను. ట్యూబులైటు కూడా అంతే, లగ్జరీ బస్సులకి వేసే రకం పెట్టాను. పెళ్ళి ఫ్యాను పక్కకి పోయినందుకు ఆ అమ్మాయి కాస్త చిన్నబుచ్చుకుంది. మిక్సీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టుబట్టింది. రామకోటికి పెసరట్టంటే ప్రాణమట. గట్టు మీదికి రుబ్బురోలు ఎవరు మోస్తారు?

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. డైనమోని తిప్పితే కరెంటు ఇస్తుంది. అదే డైనమోకి బ్యాటరీ కరెంటు ఇస్తే అది మోటారులా తిరుగుతుంది. డైనమో బాగుందో లేదో చూడ్డానికి మా షెడ్డుల్లో రోజూ చేసే పరీక్షే అది. ఒక పాత కారు డైనమో మూలన పడి ఉంది. దాన్ని బల్ల కింద నిలువుగా బిగించి, చిన్న బెల్టుతో పైన మిక్సీ జారుకి కలిపాను. మిక్సీ అంత వేగం రాదు. కొంచెం కొంచెంగా వేసుకుంటే నలుగుతుంది.

విశాలాక్షి నానబెట్టిన పెసలు టిఫిన్ క్యారియరులో తెచ్చింది. జారులో పోసి మూతపెట్టింది. ఆటోనగర్ అంతా మా షెడ్డు ముందే ఉన్నట్టుంది. నేను స్విచ్చి వేశాను. డైనమో బుర్రున లేచింది. రెండు సెకన్లు బాగానే తిరిగింది. మూడో సెకనులో జారు చలిజ్వరం వచ్చిన మనిషిలా ఒకసారి వణికి, మర ఊడి, గెంతి, మూత ఒకవైపు, తను ఒకవైపు పడింది. పచ్చటి పెసరపిండి నా కళ్ళజోడు మీదా, రామకోటి మీసాల మీదా, వెనక నిలబడ్డ వెల్డింగు మేస్త్రీ చొక్కా మీదా సమానంగా పంచినట్టు పడింది.

జరిగిందేమిటంటే డైనమో ఎదురు దిక్కుకి తిరిగింది. జారు అడుగున ఉండే బ్లేడు ఒకవైపు తిరిగితే బిగుస్తుంది, రెండో వైపు తిరిగితే ఊడుతుంది. లోపలి వైర్లు రెండు తారుమారు చేస్తే దిక్కు మారుతుంది, అయిదు నిమిషాల పని. కానీ ఆ అయిదు నిమిషాలు ఎవరూ పని చెయ్యలేకపోయారు. విశాలాక్షి వ్యాను మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. రామకోటి మీసాల మీది పిండి వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, "ఉప్పు వెయ్యలా," అన్నాడు. అతను అంత పెద్ద మాట అనగా నేను వినడం అదే మొదటిసారి.

రెండోసారి జారు బుద్ధిగా తిరిగింది.

వ్యాను చల్లపల్లి వైపు వెళ్ళిపోయింది. తర్వాత రామకోటి స్పేరు పార్టుల కోసం బెజవాడ వచ్చినప్పుడల్లా షెడ్డు దగ్గర ఆగేవాడు. ఎట్లా ఉందయ్యా కాపురం అంటే తల ఊపేవాడు. ఆ తలూపులో తేడా నాకు తెలిసేది. చొక్కా మడత నలగకుండా ఉండేది. బుగ్గలు కాస్త పూడాయి. ఒకసారి విశాలాక్షి కూడా వచ్చి, "మా ఊరి పద్ధతి పెట్టానండీ. వంతులు. మిక్సీ తిరిగేటప్పుడు ఫ్యాను ఆపాలి, లైటు వేస్తే మిక్సీ ముట్టుకోకూడదు. ఈయన వంతు తప్పితే ఆ పూట పెసరట్టు లేదు," అని చెప్పింది. సాయంత్రాలు పనివాళ్ళ ఆడవాళ్ళు పిల్లల్నెత్తుకుని ఆ ట్యూబులైటు వెలుగులోకి వచ్చి కూర్చుంటున్నారట. గట్టు మీద అంత వెలుగు వాళ్ళెప్పుడూ చూడలేదట.

నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం నేను షెడ్డు తలుపులు తీస్తుంటే వెంకటరాయుడుగారి అంబాసిడరు వచ్చింది. అందులో ఆయన లేరు. గుమాస్తా దిగాడు.

"వ్యాను స్టార్టు కాలేదండీ. జనం చేత తోయించి లేపారు. డ్రాగ్‌లైను పొద్దున్నుంచీ ఖాళీగా ఉంది. అయ్యగారు అగ్గి మీద గుగ్గిలమవుతున్నారు. మిమ్మల్ని వచ్చి ఆ వైర్లు పీకెయ్యమన్నారు."

"అమ్మాయి ఏమంది?"

"ఏమీ అన్లేదండీ. పెట్టె సర్దుకుంటోంది. రామకోటి మాత్రం, ఆవిడ బస్సెక్కితే నేనూ ఎక్కుతానన్నాడు. అయ్యగారు పొమ్మన్నారు. అతను పోయి మిషను కింద కూచున్నాడు."

పనిముట్ల సంచీ, హైడ్రోమీటరు తీసుకుని కారెక్కాను. దారి పొడుగునా నాకు దిగులుగానే ఉంది. వైరు పీకడం ఎంతసేపు? కానీ ఆ సీజనులో రామకోటి లేకుండా ఆ మిషను నడవదు, పని ఆగితే ఆ శివారు ఊళ్ళ చేలు వానాకాలంలో మునుగుతాయి. పంతానికి పోయి అందరూ నష్టపోయేట్టున్నారు.

రోడ్డు మీదే కారు ఆపాడు డ్రైవరు. గట్టు మెత్తన, వ్యాను, సైకిళ్ళు వెళ్తాయి గానీ కారు వెళ్ళదు. నడిచి వెళ్ళేసరికి తుమ్మచెట్టు కింద నవారు మంచం మీద వెంకటరాయుడుగారు కూర్చుని ఉన్నారు. పనివాళ్ళంతా అక్కడక్కడా గుంపులుగా నిలబడ్డారు. వ్యాను ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. ఆపితే మళ్ళీ లేవదని ఆపలేదట. వెనక తలుపు దగ్గర విశాలాక్షి ట్రంకుపెట్టె పక్కన కిరసనాయిలు స్టవ్వు మీద అట్లు పోస్తోంది. వెళ్ళిపోయే ముందు అందరికీ టిఫిను పెట్టి వెళ్దామనుకుంది కాబోలు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"రావయ్యా," అన్నారు వెంకటరాయుడుగారు. "నీ స్విచ్చి లేపడం మర్చిపోయారు. రాత్రంతా ఫ్యాను తిరిగి నా బ్యాటరీ తాగేసింది. నేను ముందే చెప్పా. ఇంక పీకెయ్."

"పీకుతానండీ. ఒక్కసారి బ్యాటరీ చూసి పీకుతా."

హైడ్రోమీటరు అంటే గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు బుడగ. బ్యాటరీలో ఆమ్లం కొంచెం పీలిస్తే బుడగ తేలుతుంది. ఎంత పైకి తేలితే అంత ఛార్జి ఉన్నట్టు. ఇంజను పక్కనున్న వ్యాను బ్యాటరీ మూత తీసి పీల్చాను. బుడగ అడుగున కూర్చుంది. చుక్క ఛార్జి లేదు. పొద్దున్నుంచీ ఇంజను తిరుగుతూనే ఉన్నా, అంత నెమ్మదిగా తిరిగితే డైనమో ఛార్జి చెయ్యదు. వెనక్కి వెళ్ళి ఇంటి బ్యాటరీ చూశాను. బుడగ పైకి తేలి నిలబడింది. ముప్పాతిక వంతు ఉంది.

ఆ గాజు గొట్టం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళి, రెండింటి సంగతీ చెప్పాను. "స్విచ్చి మర్చిపోయి ఉంటే రెండు బ్యాటరీలు కలిసే దిగాలండీ. కలిసి ఉన్న చెరువులు రెండూ ఒకే మట్టానికి వస్తాయి గదా. ఇక్కడ ఒకటి ఎండిపోయింది, ఒకటి నిండుగా ఉంది. అంటే స్విచ్చి లేపే ఉంది. మీ బ్యాటరీని తాగింది ఇంకేదో."

"ఇంకేముంది తాగడానికి? ఉన్న ఫ్యాన్లన్నీ వాళ్ళవే గదా."

నేను డ్రైవరు సీటు తలుపు తీశాను. ముందు అద్దం పైన ఎండతెరకి ఒక చిన్న ఫ్యాను తగిలించి ఉంది. నేను పెట్టిన ఫ్యాను కాదది. ఖాళీ సీటు మీదికి నీరసంగా, ఊపిరి పోతున్నదానిలా తిరుగుతూ ఉంది. దాని వైర్లు డాష్‌బోర్డు కిందకి పోయి, నేరుగా వ్యాను బ్యాటరీ వైరుకి చుట్టి ఉన్నాయి.

"ఈ ఫ్యాను ఎవరిదండీ?"

పనివాళ్ళ కళ్ళన్నీ మంచం వైపు తిరిగాయి.

"నాదే," అన్నారు వెంకటరాయుడుగారు. "మా కారులోది. నిన్న మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక, ఇందులో కూచుందామని మా డ్రైవరు చేత పెట్టించా. సాయంత్రం దిగి వెళ్ళిపోయా." ఆగారు. "అది అమ్మాయి బ్యాటరీది గదా అనుకున్నా."

"కాదండీ. మీ బ్యాటరీదే."

ఆయన మొహం ఎర్రబడింది. పనివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే దగ్గులోకి మార్చారు. నాకు భయం వేసింది. అంతమంది ముందు అట్లాంటి మనిషి తప్పు బయటపెట్టాక ఆయన ఇంకో కారణం వెతికైనా ఆ వైర్లు పీకిస్తారు. మాట నెగ్గించుకోవడం కోసం మనుషులు చేసే పనులు నేను చాలా చూశాను.

అప్పుడు విశాలాక్షి అట్లకాడ పక్కన పెట్టి, ప్లేటులో వేడి పెసరట్టు, దాని మీద అల్లప్పచ్చడి వేసుకుని వచ్చింది.

"ఎండలు చూడండి ఎట్లా ఉన్నాయో. పెద్దవారు, ఫ్యాను లేకుండా ఎట్లా కూచుంటారు? తప్పు మాది బాబాయిగారూ, మీ కోసం ఒక ఫ్యాను ముందే పెట్టాల్సింది. అన్నయ్యగారూ, ఆ ముందు ఫ్యాను కూడా మా బ్యాటరీకి కలిపెయ్యండి. స్విచ్చి నా దగ్గర ఉంటుంది, ఆయన మర్చిపోయినా నేను ఆపుతా." ప్లేటు ఆయన చేతికిచ్చింది. "కాకపోతే వంతు ఉంటుందండీ. మీ ఫ్యాను తిరిగినంతసేపూ మిక్సీ ఆగుతుంది."

వెంకటరాయుడుగారు ప్లేటు వంక చూశారు. ఆ అమ్మాయి వంక చూశారు. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. నమిలారు. అప్పుడు నవ్వారు. ఆ నవ్వు కాలువ అవతలి గట్టుదాకా వినిపించి ఉంటుంది.

"మేస్త్రీ, విన్నావుగా. ఇంటావిడ ఏం చెబితే అది చెయ్. ఒరే, రామకోటిని మిషను కింద నుంచి బయటికి లాగండ్రా. అట్లు చల్లారిపోతున్నాయి."

నేను ముందుగా ఇంటి బ్యాటరీని వ్యాను బ్యాటరీకి కలిపాను. ఇంజను ఆపి, సెల్ఫ్ కొట్టాను. ఒక్క తిప్పుకి లేచింది. కాపురం బ్యాటరీ పని బండిని లేపింది. మధ్యాహ్నానికి డ్రాగ్‌లైను మళ్ళీ తొట్టి విసరడం మొదలుపెట్టింది.

సాయంత్రం నన్ను రోడ్డు దాకా సాగనంపడానికి రామకోటి వచ్చాడు. నాకు ఒకటి అర్థం కాలేదు. ఇంజను మీద చెయ్యి పెడితే జబ్బు తెలిసిపోయే మనిషికి, తల ఎత్తితే కనిపించే ఫ్యాను కనిపించలేదా?

"కనపడిందండీ," అన్నాడు. "పొద్దున్నే చూశా. నేను చెబితే పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నానంటారు అయ్యగారు. మీరు చెబితే వింటారు. అందుకే, పీకితే మేస్త్రీగారే పీకాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదని పట్టుబట్టా. మీరొచ్చేదాకా ఆ ఫ్యాను ఆపకుండా అట్లాగే ఉంచా. స్విచ్చి దించితే బండి లేచేదే గానీ, రెండు బ్యాటరీలూ కలిసిపోతాయని అదీ ముట్టుకోలా."

ఆవిడకి తెలుసా అనడిగాను.

"చెప్పలేదండీ. చెబితే నవ్వేస్తుంది, ఆపుకోలేదు."

బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలేసరికి వాళ్ళ పని పూర్తయింది. ఆ వానాకాలం అయ్యాక వెంకటరాయుడుగారు తన రెండో వ్యానుని కూడా నా దగ్గరికి పంపారు. దాని డ్రైవరుకి కూడా కొత్తగా పెళ్ళయిందట. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి, బావులు తవ్వేవాళ్ళు, రోడ్లు వేసేవాళ్ళు, ఊరూరా తిరిగి చీరలమ్మే మంగళగిరి వ్యాపారి ఒకరు, ఇట్లా చాలామంది రెండో బ్యాటరీ కోసం వచ్చారు. కొన్నేళ్ళపాటు మా షెడ్డులో అదొక ప్రత్యేకమైన పనిగా నడిచింది.

పని విషయంలో ఆ కేసు నేర్పింది మా వృత్తిలో అందరికీ తెలియాల్సిందే. బండిలో ఏ జబ్బు వచ్చినా, ఆఖరున వేసిన వైరు మీదికే అందరి చెయ్యీ పోతుంది. కొత్తగా వచ్చింది అదే కాబట్టి తప్పూ దానిదే అనుకుంటారు. అందుకే ఎవరు ఏం చెప్పినా ముందు హైడ్రోమీటరు తీస్తాను. బ్యాటరీకి ఎవరి మీదా కోపం ఉండదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

అయితే నేను ఆ గాజు గొట్టం పట్టుకుని నిజం నిరూపించిన క్షణంలోనే పని చెడిపోయేది. ఫాల్టు దొరకడంతో సగం పనే అవుతుంది. దొరికిన ఫాల్టుని, దానికి కారణమైన మనిషి కూడా మనతో కూర్చుని టిఫిను తినగలిగేలా చెప్పడం మిగతా సగం. మొదటి సగం నాకు మా గురువు నేర్పారు. రెండో సగం ఆ గట్టు మీద విశాలాక్షి నేర్పింది. ఆ తర్వాత నేను చెడిపోయిన బళ్ళకంటే చెడిపోయిన మాటల్నే ఎక్కువ బాగుచేశానేమో అనిపిస్తుంది. బళ్ళ పనికి పైసలు తీసుకున్నాను గానీ, ఆ రెండో పనికి పెసరట్టుకి మించి ఎప్పుడూ ఏమీ అడగలేదు.